వీపు వెనుక అరచేయి

ఠప్. ఠప్. ఠప్. తరువాత ఖాళీ. మళ్లీ ఠప్, ఠప్, మళ్లీ ఖాళీ. గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాను గనుక నాకిప్పుడు ఆ చప్పుడొక్కటే ఉంది, బంతీ గోడా రాకెట్టూ తప్ప ఇంకేమీ అక్కరలేని చప్పుడు. కళ్లు తెరిచానా, ఈ నడవా మొత్తం మీదికి వస్తుంది, తడి తువ్వాళ్ల వాసన, నొప్పి మందు వాసన, బెంచీ కింద నా సంచీ, ఒక కొసన ఇనుప తలుపు, దాని అవతల సాధన గోడ, రెండో కొసన పేర్ల కిటికీ, ఆ కిటికీలో కళ్లజోడు ముక్కు చివరికి జారిన పెద్దాయన. ఇంకాసేపటికి ఆయన కిటికీ చెక్క దించేస్తాడు. ఆ లోపు నేను వెళ్లి రెండు పేర్లు చెప్పాలి. ఒకటి నాది, అది నాలుక మీదే ఉంది. రెండోది ఈ డబుల్స్ పోటీలో నా పక్కన నిలబడబోయే మనిషిది, అది గొంతులో ఎక్కడో అడ్డంపడి ఉంది, మింగుడుపడదు, బయటపడదు. పొద్దున ఒకసారి కిటికీ దాకా వెళ్లాను. "తెలియక అడగడం లేదమ్మా, మీ జోడీ ఎవరో లోకమంతటికీ తెలుసు. అయినా నోటితో చెప్పాలి, చెప్పిందే నేను రాయాలి. రూలంటే రూలు. మా ఆవిడే ఆడడానికొచ్చినా పేరడిగే రాస్తాను" అని నవ్వాడాయన. నేనూ నవ్వి, మంచినీళ్లు తాగి వస్తానని చెప్పి, వచ్చి ఈ బెంచీ మీద కూర్చున్నాను. దాహం తీరింది. లేవడం మాత్రం కాలేదు.

ఠప్, ఠప్. పిడుగే అయి ఉంటుంది. ఇరవై ఏళ్లయినా నిండని ఆ పిల్లకు ఆ పేరు ఎవరు పెట్టారోగానీ సరిగ్గా పెట్టారు, ఆమె సర్వీసు చేస్తే బంతి కనబడదు, అవతలి వాళ్ల ముఖాలు మాత్రం కనబడతాయి అంటారు మాకు ఆట నేర్పిన మాస్టారు. ఆ పిల్ల ఒంటరి ఆటలోనూ గెలుస్తుంది, జంట ఆటకు జోడీ వెతుక్కుంటోంది, నేను ఊఁ అంటే చాలు. నిన్న భోజనాల గదిలో మాస్టారు ఉప్పుడబ్బీని, మిరియాల డబ్బీని పక్కపక్కన నిలబెట్టి "ఇది నువ్వు, ఇది పిడుగు" అన్నారు, ఆ తరువాత బల్ల మీదున్న చెంచాను రెండు వేళ్లతో మెల్లగా అవతలికి జరిపారు. ఆ చెంచా ఎవరో ఆయన చెప్పలేదు. "జాలి వేరు, జోడీ వేరమ్మా. నీకు మిగిలింది ఒక్క కప్పు. నీ మోకాలు ఇంకెన్నాళ్లు మాట వింటుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు" అన్నారు. నేను చెంచాను వెనక్కి తీసుకుని, అప్పటికే కరిగిపోయిన చక్కెరను కలుపుతూ కూర్చున్నాను, టీ చల్లారేదాకా, మాస్టారు లేచి వెళ్లేదాకా, బల్ల తుడిచే మనిషి వచ్చి "అయిందా అమ్మా" అని అడిగేదాకా.

ఈ ఆటలో మనిషిని ముఖంతో కాదు, వీపుతో గుర్తుపెట్టుకుంటాం. నేను వెనుక గీత దగ్గర సర్వీసుకు సిద్ధమవుతుంటే, నెట్ దగ్గర ఎదుటివాళ్లకేసి తిరిగి వంగిన నా జోడీ వీపు నాకు కనిపిస్తుంది, ఆ వీపు వెనుకకు వచ్చిన ఎడమచేయి కనిపిస్తుంది. పిడికిలి బిగిస్తే ఉన్నచోటే ఉంటానని. అరచేయి విప్పితే, వచ్చే బంతికి అడ్డంగా అవతలి పక్కకు దాటతానని, ఖాళీ అయిన చోటు నువ్వు చూసుకోమని. ఎదుటివాళ్లకు కనబడని ఆ చేతిని పన్నెండేళ్లుగా చదువుతున్నాను. నా చేతిరేఖలు నాకంతగా తెలియవు, ఆమె చూపుడువేలి మొదట్లోని కాయ తెలుసు, బొటనవేలి పక్కనున్న పుట్టుమచ్చ తెలుసు, వాన వెలిసిన గాలిలో ఆ వేళ్లు కాస్త వంకరపోవడం తెలుసు. దారిలో ఎదురైతే ముఖం చూసి ఒక్క క్షణం తడబడతానేమోగానీ, గుంపులో వెనుక నుంచి చూస్తే చాలు, అదిగో అనేస్తాను. అదిగో, ఇదిగో. ఇప్పుడు ఆమెను నేను పిలిచే పిలుపులు అవే. ఇదిగో, విను. ఇదిగో, బస్సొచ్చింది. ఇదిగో, నీ తువ్వాలు. పేరుపెట్టి పిలిచి ఏడాది కావస్తోంది.

ఆ పేరు నేనే పెట్టాను. మేమిద్దరం ఒకే ఉదయం, పక్కపక్క కోర్టుల్లో, ఒంటరి ఆటలో మొదటి మెట్టు మీదే ఓడిపోయి, ఒకే కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటూ ఒకరి ఏడుపు ఒకరు చూసుకున్నాం. కుళాయి ఒకటే గనుక వంతులవారీగా ఏడిచాం. మాస్టారు దూరం నుంచి చూసి, రెండు అరకొరలు కలిస్తే ఒక నిండుదనం వస్తుందేమో చూద్దామని సాయంత్రం మమ్మల్ని ఒక పక్కన నిలబెట్టారు. మొదటి బంతి ఇద్దరి మధ్య నుంచి మెల్లగా, మర్యాదగా, ఎవరినీ నొప్పించకుండా వెళ్లి గీత మీద పడింది. ఇద్దరం దాన్ని అతిథిని చూసినట్టు చూశాం. "నీదనుకున్నా." "నీదేమోననుకున్నా." మాస్టారు తల పట్టుకున్నారు. ఆ రోజు నుంచే నేర్చుకున్నాం, నాది, నీది, వదిలెయ్. ఎన్ని దేశాలు తిరిగినా నాకు నిక్కంగా వచ్చిన భాష ఆ మూడు మాటలే. ఆమె నెట్ దగ్గర ఒకచోట నిలవదు, చిన్నపాదాల మీద అటూ ఇటూ గెంతుతూనే ఉంటుంది, "ఏంటలా పిచ్చుకలా గెంతుతావు?" అని విసుక్కున్నాను, వెనక్కి తిరగకుండానే, "నువ్వు ఏనుగులా నిలబడిపోతే ఎవరో ఒకరు గెంతాలిగా" అంది. పిచ్చుక, ఏనుగు. గంతకు తగ్గ బొంత అని మాస్టారు మురిసిపోయారు. స్కోరు పలక మీద మా అసలు పేర్లు ఒక అడ్డగీతతో కలిసి ఉండేవి, మాకవి ఎవరో దూరపు బంధువుల పేర్లలా తోచేవి.

తరువాత అన్నీ గెలిచాం, ఎక్కువగా పక్క కోర్టుల్లో, పెద్ద ఆటలు ముగిసి జనం లేచిపోతున్న వేళల్లో, కుర్చీలు ఖాళీ అవుతున్న చప్పుడులో. పిన్ని ఇప్పటికీ అడుగుతుంది, "ఇద్దరు కలిసి ఆడితే కష్టం సగమేగదే, మరి అసలాట ఎప్పుడాడతావు?" ఏం చెప్పను, కష్టం సగం కాదు పిన్నీ, భయం రెండింతలు, నా తప్పుకు నేను భయపడాలి, ఆమె తప్పుకూ నేనే భయపడాలి, నా తప్పు ఆమె మీద పడుతుందేమోనని ఇంకా భయపడాలి. అమ్మకు మాత్రం అర్థమైంది, "ఒంటి చెప్పుతో ఎవరు మాత్రం ఎంత దూరం నడుస్తారే" అంది ఒకసారి, కూర తరుగుతూ, తలెత్తకుండా. గెలిచిన కప్పులన్నీ మా రెండిళ్ల మధ్య విడిపోయాయి, ఒకటి నా ఇంట్లో ఉంటే దాని మూత పిచ్చుక ఇంట్లో, ఇంకొకటి ఆమె ఇంట్లో ఉంటే దాని మూత నా ఇంట్లో, అది మేము పెట్టుకున్న పద్ధతి. మూత లేని గిన్నెలో దుమ్ము పడుతుందర్రా అని వాళ్లమ్మ దులుపుతూనే ఉంటుంది. ఎందుకిలా అని ఎవరైనా అడిగితే, విడాకులొస్తే పంచుకోవడం తేలికని పిచ్చుక నవ్వేది. ఈ ఊరి కప్పు ఒక్కటే మాకు రాలేదు. రెండుసార్లు ఆఖరి ఆట దాకా వచ్చి, రెండుసార్లూ దాన్ని ఇతరుల చేతుల్లో చూశాం. దానికి మూత ఉందో లేదో కూడా దగ్గరగా చూడలేదు.

ఠప్, ఠప్, ఠప్, ఠప్. నాలుగు. ఖాళీ. పిడుగు ఇంత దగ్గరగా నిలబడి కొడుతోందెందుకు? గోడను తాకిన చప్పుడుకూ రాకెట్టును తాకిన చప్పుడుకూ మధ్య ఊపిరి పీల్చే వ్యవధి లేదు, అంత బలమున్న పిల్ల దూరంగా నిలబడి గోడ పగిలేలా కొట్టాలి గదా, ఏమో, ఈ కాలం పిల్లల సాధన ఈ కాలం పిల్లలది. ఏడాది కిందట ఆ రోజు విన్న చప్పుడు ఇలాంటిది కాదు. గెలవబోతున్న ఆట అది. పిచ్చుక అరచేయి విప్పింది, నేను సర్వీసు చేశాను, మంచి సర్వీసే, ఆమె గాలిలా దాటింది, దాటిన చోటికే బంతి వచ్చింది, రాకెట్టు లేచేలోగా బంతి చేరింది. తీగల చప్పుడు కాదది, నేల చప్పుడు కాదు, నా చెవుల్లో అప్పటిదాకా చోటు లేని చప్పుడు. ఆమె కూర్చుంది, పడిపోలేదు, నెట్ పట్టుకుని మెల్లగా కూర్చుని, కుడికన్ను మీద రెండు చేతులూ ఉంచి "ఎవరికి పాయింటు?" అని అడిగింది.

ఆసుపత్రిలో కంటికి కట్టు, మంచం చుట్టూ మేము. మాస్టారే ధైర్యం చేశారు, ఆయనకు తెలిసిన ధైర్యం ఎకసక్కెమొక్కటే, "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేశారుగదమ్మా!" అన్నారు. అందరం నవ్వాం, గది తేలికపడిందనుకున్నాం, ఆమె కూడా నవ్వింది, నవ్వితే కట్టు కదిలి నొప్పిపెట్టి పెదవి కొరుక్కుంది, తరువాత గోడ వైపు తిరిగి, ఎవరితోనూ కాదన్నట్టు, "ఆ పేరిక వద్దు" అంది. అంతే. ఆ రోజే దాన్ని మింగేశాను. ఒక పేరును మింగితే కడుపులో అరగదని అప్పుడు తెలియదు.

కట్టు విప్పారు, చూపు మిగిలింది, ఆట మొదలైంది, వీపు అదే, చేయి అదే. కానీ అరచేయి విప్పుతుంది, పాదాలు కదలవు. దాటతానని చేయి చెబుతుంది, నేను ఖాళీ అవబోయే చోటికి పరుగెత్తుతాను, ఆమె ఉన్నచోటే ఉంటుంది, ఇద్దరం ఒకే పక్కన, రెండో పక్కంతా ఎదుటివాళ్లకు రాసిచ్చిన పొలంలా పడి ఉంటుంది. తన ముందుకొచ్చిన బంతికి నీది అంటుంది, భుజం పక్కన వెళ్లే బంతికి నీది, ఒకప్పుడు గాల్లోంచే తెంపుకుని నాది నాది అని గర్వంగా అరిచిన బంతులన్నీ ఇప్పుడు నీది, నీది, నీది. సాధన చాలలేదని పత్రికలు రాశాయి, వయసని మాస్టారన్నారు. సంగతి నాకొక్కదానికే తెలుసు, ఎందుకంటే వెనుక ఉన్నది నేనొక్కదాన్నే. ఎదుటిమనిషి రాకెట్టు బంతిని తాకే క్షణాన ఆమె భుజాలు రెండూ చెవుల దాకా లేస్తాయి. కళ్లు మూసుకున్న మనిషి వీపు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

డాక్టరమ్మ కట్టు విప్పిన రోజే చెప్పింది, "చూపుకు ఢోకా లేదు. అయితే అదే చోట ఇంకో దెబ్బ తగిలితే మాత్రం నేను మాటివ్వలేను. ఆడితే అద్దాలు పెట్టుకునే ఆడాలి." నల్లపట్టీతో తల చుట్టూ బిగించుకునే ఆ అద్దాలు కొని తెచ్చాను, పిచ్చుక వాటిని ఒకసారి ముఖానికి ఆనించి అద్దంలో చూసుకుని "కప్పలా ఉన్నాను" అని సంచీ అడుగున పడేసింది, ఆ అడుగునే ఉండిపోయాయవి. ఇప్పుడు నేను ఆమె పేరు చెబితే ఆమె మళ్లీ నా ముందు నిలబడుతుంది, ఆ ముఖంతో, ఆ కంటితో. మోకాలు మొరాయించి నా సర్వీసు మెత్తబడింది, మెత్తటి సర్వీసు ఎదుటివాళ్లకు పిలుపుచీటీ, దానికి వాళ్లిచ్చే జవాబు తిన్నగా నెట్ దగ్గరి మనిషి ముఖానికే వస్తుంది. నా మోకాలి నొప్పికి ఆమె కన్ను పూచీ. కనుక చెప్పకూడదు. చెప్పకపోవడమే ప్రేమ. ఆగు, ప్రేమేనా? పిడుగుతో ఆడితే ఆ కప్పు నాదవుతుందని నాకు తెలియదా, కప్పు మీద ఆశకు ప్రేమ వేషం కట్టానా, లేక ప్రేమకే ఆశ వేషం కట్టి నన్ను నేను తిట్టుకుంటున్నానా? పొద్దుటి నుంచీ ఈ రెండు ముఖాలనూ తిప్పి తిప్పి చూస్తున్నాను, ఏది ముఖమో ఏది ముసుగో తేలడం లేదు. ఆమె తనంతట తాను తప్పుకుంటే బాగుండునని కోరుకున్నాను, కోరుకున్నందుకు సిగ్గుపడ్డాను, సిగ్గుపడుతూనే మళ్లీ కోరుకున్నాను.

ఈ తెల్లవారుజామున గదిలో ఆమె మంచం అంచున కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటోంది. తలెత్తకుండానే అడిగింది.

"ఇవాళేగా పేర్లివ్వడం?"

"ఇవాళే."

"ఎవరి పేరు చెప్పినా నేను ఏడవను. మనకిక్కడ కుళాయిలు కూడా రెండున్నాయి."

"నువ్వేమంటావు మరి?"

ఆమె లేచి, సంచీ భుజాన వేసుకుని, తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడింది, నాకు వీపే కనిపించింది. "నీది" అంది. తలుపు మూసుకుంది. వెళ్లిపోయిందనుకున్నాను, రైలుకో, బస్సుకో, వాళ్లమ్మ దగ్గరికో. ఆ మాటలో కోపముందా, నమ్మకముందా, అలసటేనా, తేల్చుకోవడానికి నాకు ముఖం కావాలి, ముఖం చదవడం నాకు రాదు.

"అక్కా, ఇంకా ఇక్కడే ఉన్నారా?"

ఉలిక్కిపడి కళ్లు తెరిచాను. ఎదురుగా పిడుగు, తడి జుట్టు, భుజం మీద తువ్వాలు, చేతిలో సగం కొరికిన యాపిల్ పండు. కిటికీ ఉన్న కొస నుంచి వచ్చింది. ఠప్, ఠప్, ఠప్, చప్పుడు మాత్రం ఇనుప తలుపు అవతలి నుంచి అలాగే వస్తోంది. ఆమె ముఖాన్నీ ఆ తలుపునూ మార్చి మార్చి చూశాను.

"నువ్వు... గోడ దగ్గర లేవా?"

"నేనా? స్నానం చేసొస్తున్నానక్కా. గోడ నాకు దొరికితేగా! పొద్దుటి నుంచీ ఎవరో దాన్ని వదలడం లేదు. వెనుక నుంచే చూశాను, పాపం, ఎవరో కొత్తగా నేర్చుకునే పిల్లేమో, గోడకు ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి కొట్టుకుంటోంది. సగం బంతులు ఒంటి మీదే పడుతున్నాయి." పండు కొరికి, నములుతూ, నా పక్కన కూర్చోబోయి ఆగింది. "అక్కా, ఒక మాట. మాస్టారు నాతో చెప్పారు. మీరు నా పేరు చెబితే నాకు పండగే. చెప్పకపోతే మాత్రం ఈ బెంచీ మీద ఇలా కూర్చోకండి, చూస్తే నాకే భయమేస్తోంది."

నేను లేచాను. పేర్ల కిటికీ వైపు కాదు. కాళ్లకు తెలిసినట్టుంది, నాకింకా తెలియలేదు. వెనుక నుంచి పెద్దాయన కుర్చీ జరిపిన చప్పుడు, "అమ్మా, దించేస్తున్నానండోయ్!" అన్న కేక, వస్తున్నానని చెప్పానో లేదో, నడవా ఇంత పొడవని ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, కొత్తగా నేర్చుకునే పిల్ల, గోడకు ముక్కు ఆనించినంత దగ్గరగా, ముఖం మీదికే బంతి వచ్చేంత దగ్గరగా, కావాలని, ముఖం మీదికే. ఇనుప తలుపు గడియ చల్లగా, బిగుసుకుపోయి ఉంది, రెండు చేతులతో లాగాను.

ముందు వెలుగు, తరువాత గోడ, తరువాత వీపు. అదే వీపు. చెమటతో అంటుకుపోయిన చొక్కా, చిన్న జడ, ఆ జడ మీదుగా తల చుట్టూ బిగించిన నల్లపట్టీ. కప్పలా ఉన్నానని పారేసిన అద్దాల పట్టీ. ఆమె నన్ను చూడలేదు. కుడిచేత రాకెట్టు, ఎడమచేయి వీపు వెనుకకు వచ్చి పిడికిలి బిగించింది. ఉన్నచోటే నిలబడి మూడు బంతులు కొట్టింది, మూడింటికీ భుజాలు లేచాయి. నాలుగోసారి ఆ చేయి మెల్లగా, నొప్పిగా, ఒక్కొక్క వేలుగా విచ్చుకుని అరచేయి అయింది. బంతి వచ్చింది, పాదాలు కదలలేదు, బంతి మెడకు తగిలి పక్కకు దొర్లింది. ఆమె వెళ్లి తీసుకొచ్చింది. పొద్దుటి నుంచీ నేను విన్న ఖాళీ ఇదన్నమాట. మళ్లీ నిలబడింది, మళ్లీ చేయి వెనుకకు వచ్చింది. వెనుక ఎవరూ లేరు, ఆ సైగ చదివేవాళ్లు ఎవరూ లేరు, అయినా ప్రతి బంతికీ ముందు ఆ చేయి నాకు చెబుతూనే ఉంది, నేను అక్కడ ఉన్నట్టే, ఎప్పుడూ అక్కడే ఉంటానన్నట్టే. అరచేయి. బంతి. భుజాలు చెవుల దాకా లేచాయి, కళ్లు మూసుకుంది, నాకు తెలుసు, ఇప్పుడూ మూసుకుంది. కానీ పాదాలు కదిలాయి, గెంతాయి, ఆమె దాటింది, కళ్లు మూసుకునే దాటింది, రాకెట్టు అంచుకు తగిలిన బంతి గోడ మీదుగా ఎటో ఎగిరిపోయింది. చెడ్డ దెబ్బ. పోయిన పాయింటు. భయం పోలేదు, ఆమెకూ పోలేదు, నాకూ పోలేదు, రేపు నా సర్వీసు ఇంకా మెత్తబడవచ్చు, ఆ అద్దాలు చాలకపోవచ్చు, ఆ కప్పుకు మూత ఉందో లేదో మేమెన్నటికీ చూడకపోవచ్చు. "పేరమ్మా, పేరు!" వెనుక నుంచి పెద్దాయన. ముందు ఆ వీపు, ఎగిరిపోయిన బంతికోసం ఆకాశంలోకి చూస్తూ. ఏడాదిగా గొంతులో అడ్డంపడినది కదిలింది, వద్దన్న పేరు, మింగిన పేరు, నేనే పెట్టిన పేరు, వింటే వెనక్కి తిరుగుతుందో తిరగదో తెలియని పేరు, నడవా రెండు కొసలకూ వినబడేలా అరిచాను:

"పిచ్చుకా!"